నడిచే రాజు

2 జులై 2013, మంగళవారం

తెల్లవారకముందే జల్లు పడి ఆగింది. ఇంకా మబ్బుగానే ఉంది. నల్లా వచ్చింది. రెండు డ్రమ్ములు, ఒక బిందె నింపాను. పెద్ద డ్రమ్ము అడుగున పాచి గీకాను.

ఉదయం 6.20

షాపుకు వెళ్లేముందు ఆన్‌లైన్‌లో ఒక గేమ్. నాకు తెల్లపావులు. అవతల ఎవరో రేణుక_జి2. ఆమె ఆట మొదలుపెట్టింది ఫ్రెంచ్ డిఫెన్స్ పద్ధతిలో. ఇరవైనాలుగు ఎత్తుల్లో గెలిచాను.

గెలుపు బాగా అనిపించలేదు. ఏదో తేడాగా ఉంది. ఏమిటో తెలియలేదు. రాత్రి రాస్తున్నాను: నారాయణగూడ షాపులో రోజంతా అదే ఆలోచన. స్టాక్ రిజిస్టర్‌లో సీలింగ్ ఫ్యాన్లను రెండుసార్లు ఎక్కించాను. పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఇదే మొదటిసారి.

3 జులై, బుధవారం

ఉక్క. సైకిల్ చైన్‌కు నూనె పెట్టాను.

నిన్నటి గేమ్ మొదటినుంచి చూశాను. ప్రతి గేమ్‌కూ ఇలాగే చేస్తాను. ఎత్తు, దానికి పట్టిన సమయం, తప్పు ఎక్కడ, అన్నీ గేముల పుస్తకంలో ఎక్కిస్తాను. 2006 నుంచి ఒక్కటీ వదలలేదు.

ఆరో ఎత్తుకే మధ్య భాగం మూసుకుపోయింది. ఇటు బంట్లు, అటు బంట్లు తలలు ఆనించి నిలబడ్డాయి. ఇలాంటప్పుడు నల్లపావులవాళ్లు క్యాస్లింగ్ చేసి రాజును ఓ మూల దాచుకుంటారు. ఏ పుస్తకమైనా అదే చెబుతుంది. ఈమె దాచలేదు. హెచ్ బంటును ఒక గడి జరిపి, రాజును కాలినడకన పంపింది. ఇ8 నుంచి డి8. డి8 నుంచి సి7.

అది నా ఎత్తు.

గొప్పకు రాయడం లేదు. కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న మూడు పుస్తకాల్లోనూ లేదు. 2008 ఎండాకాలంలో నేను కనిపెట్టాను. రాజు నడిచిపోతే ఏనుగులు రెండూ చెరో మూలలోనే ఉంటాయి, రెండువైపులా పనికొస్తాయి. దాని గురించి లాంగ్ నోట్‌బుక్‌లో నలభై పేజీలు రాశాను. నేను పదో తరగతి తప్పినవాణ్ని. ఎవరూ నేర్పకుండా, ఎవరినీ చూసి రాయకుండా నా అంతట నేను చేసింది ఏదైనా ఉంటే ఆ నలభై పేజీలే.

ఆ ఆలోచన ఇంకెవరికీ రాకూడదని లేదు. రావచ్చు. కానీ గడియారం చూశాను. పన్నెండో ఎత్తు దాకా ఆమె ఒక్కో ఎత్తుకు తీసుకున్నది రెండు సెకన్లు, మూడు సెకన్లు. పన్నెండో ఎత్తుకు రాజు సి7 చేరాడు. పదమూడో ఎత్తుకు నాలుగు నిమిషాల పది సెకన్లు.

నా నోట్‌బుక్ పన్నెండో ఎత్తుతో ఆగుతుంది. చివరి వాక్యం నాకు కంఠతా వచ్చు. రాజు సి7లో క్షేమం.

4 జులై, గురువారం

పొద్దున ఎండ. బియ్యంలో రాళ్లు ఏరాను.

ఆ నోట్‌బుక్ ఇల్లు దాటింది ఒక్కసారే. 2011 డిసెంబర్‌లో విఠల్‌కు ఇచ్చాను. ఇరవై రోజులకు పేపరు అట్ట వేసి మరీ తిరిగిచ్చాడు. ఇంత బాగా ఎట్ల రాసినవ్ బై అన్నాడు. ఆ మాట కూడా ఆ రోజు డైరీలో రాసుకున్నాను. తీసి చూశాను. ఉంది.

విఠల్‌ది చిక్కడపల్లి. అక్కడే పుట్టాడు. బీమా ఆఫీసులో క్లర్కు. పన్నెండేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున అతని వరండాలో ఆడుతున్నాం. అతను మాట్లాడతాడు, నేను వింటాను. నాకు ఇంకో స్నేహితుడు లేడు. ఆన్‌లైన్ ఆట అతనికి పడదు. ఎదురుగా మనిషి మొహం లేంది ఏం ఆట అంటాడు.

అనుమానం తప్పు కావాలని ఉంది.

5 జులై, శుక్రవారం

రేణుకకు మెసేజ్ పెట్టాను. ఆ రాజు నడక బాగుంది, ఎక్కడ నేర్చుకున్నారు అని అడిగాను. చాటింగ్ నాకు అలవాటు లేదు. ఈ రెండు ముక్కలకు అరగంట పట్టింది.

షాపు నుంచి వచ్చేసరికి జవాబు ఉంది. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసింది. ఆమెది జనగామ దగ్గర ఊరు. అశోక్ నగర్‌లో హాస్టల్‌లో ఉండి గ్రూప్-2కు చదువుతోంది. వాళ్ల హాస్టల్ హాల్లో శనివారం శనివారం చెస్ క్లాసు అవుతుందట. విఠల్ సార్ వస్తరు, మస్తు చెప్తరు అని రాసింది. ఆ నడక సార్ సొంతంగ కనిపెట్టిందే, నోట్స్ గూడ ఉన్నది, జిరాక్స్ షాపుల దొరుకుతది, మీకు గావాల్నా అన్న అని అడిగింది.

6 జులై, శనివారం

మబ్బు. షాపులో సగం రోజు సెలవు పెట్టాను. తలనొప్పి అని చెప్పాను.

అశోక్ నగర్ చౌరస్తా దగ్గరి గల్లీలో అన్నీ జిరాక్స్ షాపులే. అక్కడ ఎవరి చేతిరాత బాగుంటే వాళ్ల నోట్స్ స్పైరల్ బైండింగ్‌తో తాడుకు వేలాడుతుంది. పాలిటీ ఒకరిది, ఎకానమీ ఒకరిది. రాసినవాళ్లు పరీక్ష పాసై వెళ్లిపోయినా నోట్స్ మాత్రం అక్కడే ఉంటుంది. మూడో షాపులో అడిగితే ఉందన్నాడు. అరిథ్‌మెటిక్ కింద నుంచి లాగాడు.

అట్ట మీద కంప్యూటర్ అక్షరాల్లో విఠల్ పద్ధతి అని ఉంది. కింద, ఫ్రెంచ్ డిఫెన్స్‌లో నడిచే రాజు.

లోపల నా చేతిరాత. నేను ఏడు అంకెకు నడుమ గీత పెడతాను. అది ఉంది. పదకొండో పేజీలో చాయ్ గ్లాసు గుండ్రటి మరక నల్లగా పడింది. మొదటి పేజీలో కుడిపక్క మూలన నా పేరు, సంవత్సరం రాసుకున్నాను. ఈదయ్య, 2008. ఆ మూల తెల్లగా ఉంది. అగ్గిపెట్టె అంత తెల్లటి చోటు. మెషిన్ మీద పెట్టేముందు చిన్న కాగితం ముక్క చింపి పేరు మీద పెట్టినట్టున్నాడు. ఆ ముక్క అంచు కూడా సన్నటి గీతలా వచ్చింది.

షాపతను ఊరికే ఉండలేదు. విఠల్ సార్ ముత్యాల లెక్క రాసిండు సూడన్న, గింత మంచి చేతిరాత ఈ గల్లీల ఇంకోటి లేదన్నాడు. అవునన్నాను.

ఎన్ని పోయినయ్ అని అడిగాను. లెక్క ఎవడు వెట్టిండన్న, పోతనే ఉంటయ్ అన్నాడు.

7 జులై, ఆదివారం

వెళ్లలేదు. జ్వరమన్నాను. విఠల్ ఫోన్‌లోనే నవ్వాడు. ఏం బై, ఓడిపోతనని జ్వరం తెచ్చుకున్నవా అన్నాడు. తన భార్య ప్రభావతక్కతో కషాయం పంపనా అన్నాడు. వద్దన్నాను.

9 జులై, మంగళవారం

రోజూ ఒక గంట ఆ గేమే చూస్తున్నాను. ఇంకేం చేయాలో తెలియక.

నేను గెలిచిన తీరు ఇది. నా బిషప్‌ను ముందే ఎఫ్4లో కూర్చోబెట్టాను. దాని ఎదుట ఇ5లో నా బంటే అడ్డం. ఆ బంటు జరిగితే బిషప్ చూపు నేరుగా సి7 మీద, అంటే నడిచొచ్చిన రాజు మీద పడుతుంది. సి4లో గుర్రాన్ని బలి ఇచ్చాను. డి4 బంటును డి5కు తోశాను. ఆమె దాన్ని బంటుతో తిన్నది. నా ఇ5 బంటు ముందుకు జరిగింది. చెక్. అక్కడితో అయిపోయింది.

అయిదేళ్లలో ఈ రంధ్రం నాకు కనిపించలేదు. ఎప్పుడూ నల్లవైపు నుంచే చూశాను. విఠల్‌కు కూడా నేనే నల్లపావులతో ఈ నడక చూపించేవాణ్ని. నా రాజు మీదికి నేనే వెళ్లడం ఇదే మొదలు.

కంప్యూటర్‌లోని చెస్ ఇంజిన్‌లో పెట్టాను. రెండు నిమిషాల్లో తేల్చేసింది. డి5లో నేను తోసిన బంటును బంటుతో కాదు, గుర్రంతో తినాలి. గుర్రంతో తింటే నా బలి దండగ. నల్లవైపే గెలుస్తుంది.

అంటే నా నడక సరైనదే. నా గెలుపే తప్పు.

ఈ సంగతి చెబితే సంతోషించే మనిషి ఊళ్లో ఒక్కడే ఉన్నాడు.

11 జులై, గురువారం

నా భార్య స్వరూప అడిగింది. మాట్లాడేదే తక్కువ, గిప్పుడు మొత్తానికే బందు వెట్టినవ్, ఎవలతోనన్న లొల్లైందా అన్నది. కాలేదన్నాను. నిజంగానే కాలేదు.

14 జులై, ఆదివారం

సన్నటి తుంపర. గొడుగు పుల్ల సరిచేసుకుని వెళ్లాను. అడగాలని వెళ్లాను. దారి పొడుగునా మొదటి మాట ఏమిటో అనుకుంటూ నడిచాను.

ప్రభావతక్క చాయ్ తెచ్చింది. జ్వరం తగ్గిందా అన్నా, ఈయన పోయిన ఐతారమంత పిల్లి లెక్క తిరిగిండు ఇంట్ల, నువ్వు రాకపోతె నా పానం తింటడు అన్నది. విఠల్ బోర్డు పరవలేదు. జేబులోంచి మడత కాగితం తీశాడు. ఈదయ్యా, జర ఇది చూడు, ఒక గేమ్ ఉంది, మన నడకను ఎవడో కొట్టిండు, మందు చెప్పు అన్నాడు.

మన నడక అన్నాడు.

కాగితం విప్పాను. జులై రెండో తేదీ గేమ్. తెల్లపావులు నావి. అతనికి తెలియదు.

ఎవరు ఆడిన గేమ్ అని అడిగాను. మా బావమరిది బిడ్డ అన్నాడు. ఏడుంటది అన్నాను. కవాడిగూడ అన్నాడు. తడబడలేదు. కప్పులో చాయ్ ఊదుకుంటూ చెప్పాడు.

ఇంకొక్క అవకాశం ఇచ్చాను. నా జీవితంలో ఎవరినీ ఇన్ని ప్రశ్నలు అడగలేదు. రాజు నడక ఆ బిడ్డకు ఎట్ల తెలిసింది అన్నాను. విఠల్ నా తొడ మీద చరిచాడు. అరె, ఇంటర్నెట్‌ల ఏం దొరకదు బై, గా ఆలోచన దునియల నీ ఒక్కనికే వస్తదా ఏంది అన్నాడు. నవ్వాడు కూడా. ఎప్పటి నవ్వే. పన్నెండేళ్లుగా నాకు నచ్చిన నవ్వు.

బోర్డు పరిచాను. ఆ స్థానం పెట్టాను. డి5లో బంటుతోనే తినాలి అని చెప్పాను. తర్వాత చెక్ వస్తే రాజును సి6కు జరిపితే ఏం కాదన్నాను. సి6కు జరిపితే నా బంటు డి7లో బిషప్‌ను తింటుంది, ఆపైన గుర్రం ఇ5లోకి వచ్చి చెక్ ఇస్తుంది. అది చూపించలేదు. ఆ లోపే పావులు కలిపేశాను.

అతను సరిచూసుకోలేదు. ఎందుకు చూస్తాడు? పన్నెండేళ్లలో నేను తప్పు చెప్పింది లేదు. కాగితం వెనక రాసుకున్నాడు. నువ్వు లేకుంటే నేను గుడ్డోన్ని అన్నాడు.

తర్వాత రెండు గేములు ఆడాం. రెండూ నేనే ఓడిపోయాను.

15 జులై, సోమవారం

నా గేముల పుస్తకాల్లో తెలిసి రాసిన తప్పు ఒక్కటీ లేదు. నిన్న నోటితో చెప్పాను కాబట్టి వాటిలోకి రాలేదు. ఇప్పుడు ఆ తప్పు కూడా ఎక్కించాను.

20 జులై, శనివారం

రేణుక మెసేజ్. అన్న, ఇంకో గేమ్ ఆడ్తరా, ఈసారి మిమ్ముల్ని వదిలిపెట్ట అని. సార్ ఆ రంధ్రం మూసిండు, మందు దొరికింది అని. ఆగస్టు నాలుగున నారాయణగూడలో హాస్టళ్ల టోర్నమెంట్ ఉందట. వాళ్ల హాస్టల్ నుంచి మొదటి బోర్డు మీద ఆడేది ఆమే. రెండేండ్లాయె అన్న నోటిఫికేషన్ కోసం ఎదురుచూసుడు, పొద్దున కూసుంటె సాయంత్రానికి రిజల్ట్ వచ్చేది ఇదొక్కటే నాకు అని రాసింది.

మళ్లీ ఆడతానని చెప్పలేదు. పని ఉందన్నాను.

నేను విఠల్‌కు తప్పు చెప్పాను. టోర్నమెంట్‌లో విఠల్ ఆడడు. ఆడేది ఈమె. ఇది పద్నాలుగో తేదీనే తెలిసి ఉండాలి. ఎదుటివాడి తర్వాతి ఎత్తు చూడకుండా నేను ఏ గేమూ ఆడను. ఆ రోజు చూడలేదు. చూశానేమో కూడా.

21 జులై, ఆదివారం

వెళ్లాను. విఠల్‌కు చెబుదామనుకున్నాను. ఆ రోజు తప్పు చెప్పాను, గుర్రంతో తినాలి అని. అంతే, ఒక్క వాక్యం. అతను వరండాలోకి రాగానే బావమరిది బిడ్డ మస్తు ఖుష్ అయింది బై అన్నాడు. ఆ వాక్యం వదిలేసి బోర్డు పరిచాను.

28 జులై, ఆదివారం

వెళ్లలేదు. ఫోన్ ఎత్తలేదు.

30 జులై, మంగళవారం

సాయంత్రం తెలంగాణ ప్రకటన వచ్చింది. అశోక్ నగర్ అంతా గులాల్, డప్పులు. షాపు నుంచి వస్తుంటే ఎవరో నా నెత్తిన కూడా ఇంత రంగు పోశారు. హాస్టల్ మేడల మీద ఆడపిల్లలు అరుస్తున్నారు. వాళ్లలో రేణుక ఎవరో నాకు తెలియదు. ఇంటికొచ్చాక స్వరూప నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను.

1 ఆగస్టు, గురువారం

ఇంకా మూడు రోజులు.

2 ఆగస్టు, శుక్రవారం

వాన.

ఉదయం 6.05

రేణుకకు మెసేజ్ పంపించాను. డి5లో బంటుతో తినకండి, గుర్రంతో తినండి, మీ సార్ చెప్పిన సి6 ఎత్తు ఓడిపోతుంది అని. కింద మొత్తం ఎత్తుల వరుస రాశాను, ఇరవయ్యో ఎత్తు దాకా.

ఉదయం 6.20

ఆమె లైన్‌లోనే ఉంది. బోర్డు మీద పెట్టి చూసిందట. నిజమే అన్న అని రాసింది. వెంటనే ఇంకోటి. సార్ మాకు క్లాసుల చెప్పింది మీకెట్ల ఎరుక?

ఉదయం 6.40

ఆ నోట్స్ రాసింది నేను అని పంపాను. నా పేరు ఈదయ్య. నారాయణగూడలో ఎలక్ట్రికల్ షాపులో పని చేస్తాను. సి6 అని ఆయనకు తప్పు చెప్పింది కూడా నేనే.

మొదటిసారి వేరే మనిషికి చెప్పాను.

జవాబు వచ్చింది. తిట్టలేదు. నమ్మాననీ అనలేదు. ఒకటే అడిగింది. మరి విఠల్ సార్ మీకు ఏమైతడు అన్న?

స్నేహితుడు అని కొట్టాను. చెరిపాను. దొంగ అని కొట్టాను. అది కూడా చెరిపాను. ఆమె ఇంకా లైన్‌లోనే ఉంది, పచ్చ చుక్క వెలుగుతోంది. ప్రతి ఆదివారం మేమిద్దరం అని మొదలుపెట్టి, అక్కడే ఆపి ఇది రాస్తున్నాను.