చప్పట్లు కొట్టడానికి లేచిన మనిషి

నాన్నా,

ఈ రోజు ఇక్కడ, మేముండే ఈ పరాయి దేశపు బోటనీ డౌన్స్‌లో, స్కూల్లో నీ మనవరాలు క్రూసేడ్ల గురించి, అంటే ఆనాటి క్రైస్తవ రాజుల మతయుద్ధాల గురించి మాట్లాడింది. బట్టల మీద శిలువ గుర్తు కుట్టుకుని బయల్దేరిన సైన్యం దారిలో శిలువ ఉన్న చర్చీలనే దోచిందని, తమ మతం వాళ్లనే నరికిందని ఇంగ్లీషులో గడగడా చెప్పింది, అచ్చం నీలాగే చెయ్యి ఊపుతూ. చివర్లో నీ మాటే: రాజు దేవుడి పేరు చెప్పి వెళ్తాడు, బంగారంతో తిరిగొస్తాడు, ఏ మతం రాజైనా అంతే. ఆ మాట దానికి నేనే నేర్పాను.

కాలేజీలో చరిత్ర పాఠం చెప్తూ నువ్వా మాట అన్న మర్నాడే, మా మతం రాజుల్నే అంటావా అంటూ నీ క్లాసులోకి నలుగురొచ్చారు. సుద్దముక్క పట్టుకున్న చేతిని ముందు విరిచారు. తర్వాత నీ కుర్చీ ఎత్తి నీ తల మీదే కొట్టారు. బోర్డు మీద సగం గీసిన మ్యాపు నెత్తుటితో తడిసింది.

అందుకే ఇవాళ వెనక వరుసలో నా పక్కనున్న ఒకాయన దిగ్గున లేవగానే, ఆయన కాలర్ పట్టుకుని గోడకేసి నెట్టాను.

"సారీ, చప్పట్లు కొడదామని లేచాను" అన్నాడాయన రెండు చేతులూ పైకెత్తి.

కార్లో పిల్ల అడిగింది: "మమ్మీ, ఆ అంకుల్‌ని ఎందుకు పుష్ చేశావ్?"

తాతయ్య జ్వరంతో పోయాడనే ఇన్నాళ్లూ దానికి చెప్పాను. కారు రోడ్డు పక్కన ఆపి, నీ చేతి దగ్గర్నుంచి మొదలుపెట్టాను.