గజళ్ళ గురువారాలకు ముందుగది

యాభై మూడేళ్ళ వయసు గల గృహిణిని, ఈ వీధి చివరి పసుపురంగు ఇంటికి యజమానురాలిని అయిన నేను, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా చేతిరాతతో రాసుకుంటున్న వీలునామా ఇది. ఒంట్లో జబ్బేమీ లేదు. ఈ ఉదయం పక్కింటి రేడియోలో వచ్చిన ఒక హిందీ సినిమా పాట మొదటి రెండు లైన్లు విని, అది గజల్ కాదని వంటింట్లోంచే తేల్చేశాను. కనుక నా బుద్ధి స్థిరంగానే ఉన్నదని భావించవలసినది.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో ముందే చెబుతాను. మా మరిది ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు. మా ముందుగదిని రెండు దుకాణాలుగా మార్చాలని అతని పట్టుదల. మా వారు తమ్ముడికి కాదని చెప్పలేరు. నేనున్నంత కాలం ఆ గోడ మీద సుత్తి పడదు. నా తర్వాత ఎంతకాలం ఆగుతుందో నాకు నమ్మకం లేదు.

ఆ గదిలో ప్రతి గురువారం మధ్యాహ్నం, గిన్నెలు కడగడం అయ్యాక, మేము కొందరం కూర్చుని సినిమాల్లోని గజళ్ళు వింటాం. వినడమంటే ఊరికే వినడం కాదు, పరీక్షించడం. గజల్లో ప్రతి రెండు లైన్ల జతా ఒకే మాటతో ముగుస్తుంది. దాన్ని రదీఫ్ అంటారని తెలియక ముందు మేము తోక అనేవాళ్ళం, తెలిశాక కూడా తోకే అంటున్నాం. మొదటి జతలో రెండు లైన్లకూ తోక ఉండాలి, తర్వాతి జతల్లో రెండో లైనుకు మాత్రమే. తోకకు ముందు మాటకు ప్రాస కుదరాలి. నేను పాట పెట్టి, సరిగ్గా తోక రాబోయే ముందు ఆపుతాను. గదిలోని వాళ్ళంతా కలిసి ఆ తోక అందించాలి. అందరి నోటా ఒకే మాట వచ్చిందంటే ఆ పాట నెగ్గినట్టు. హీరో చేతిలో గ్లాసు ఉండి, పాట నెమ్మదిగా సాగినంత మాత్రాన గజల్ అయిపోదని ఈ సందర్భంగా నమోదు చేస్తున్నాను.

ఇక పంపకాలు.

1. ముందుగది తప్ప మిగిలిన ఇల్లంతా మా వారు తమ జీవితకాలం అనుభవించి, ఆ తర్వాత మా అమ్మాయికి సర్వహక్కులతో చెందవలసినది. మా వారికి అమ్మే హక్కు లేదు. ఇది ఆయన మీద అపనమ్మకం కాదు, ఆయన మెత్తదనానికి నేను కట్టిన గోడ.

2. గదిలో కిటికీ పక్కనున్న పేము కుర్చీ కూడా మా వారిదే. ఆయనకు హిందీ రాదు, తోకలు అంతకన్నా రావు. జత పూర్తయ్యాక అనవలసిన "వాహ్"ను ఆయన సితార్ మోగేటప్పుడు అంటారు. ఒకసారి పాట మొదలవక ముందే, క్యాసెట్ గరగరలాడుతుంటే అన్నారు. "బాగుంది కదే, అందుకే అన్నా" అన్నారు అడిగితే. ఇకమీదట ఆయన ఎక్కడ కావాలంటే అక్కడ వాహ్ అనుకోవచ్చు. ఎవరూ నవ్వకూడదు. నేను నవ్వినవి చాలు.

3. నా బంగారు గాజులు, బీరువా మా అమ్మాయికి. అది ఇప్పుడు పళ్ళ డాక్టరు. తొమ్మిదేళ్ళప్పుడు నా ఒళ్ళో కూర్చుని గజల్ విని, "ఈ జతలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవేంటమ్మా, పోట్లాడుకున్నాయా?" అని అడిగింది. ఒక జతలో చందమామ, ఇంకో జతలో అప్పులవాడు, మూడో దాంట్లో మూసిన తలుపు ఉంటే పిల్ల ఏమనుకుంటుంది మరి. పోట్లాట కాదే, ఎవరి గదిలో వాళ్ళు ఉన్నారు, భోజనానికి పిలిస్తే మాత్రం అందరూ ఒకే చోటికి వస్తారు, అని చెప్పాను. అంతకన్నా మంచి జవాబు నాకు ఇప్పటికీ తెలియదు. తనకు తెలిస్తే ఆ గాజులు వేసుకున్న రోజున ఎవరికైనా చెప్పాలి.

4. టేప్ రికార్డరు, క్యాసెట్లన్నీ మా వీధి దర్జీ అమ్మకు. ఆవిడ బట్టలకు అంచులు కుట్టుకుంటూ వింటుంది, సూది ఆగితే పాట బాగున్నట్టు లెక్క. ఒకసారి టేప్ రికార్డరు లోపలి బెల్టు తెగితే, లంగాకు వేసే ఎలాస్టిక్ కుట్టి బిగించింది. అది సాగి, ప్రతి పాటా ఈడ్చుకుంటూ వచ్చేది. పెళ్ళి ఊరేగింపు పాట కూడా విరహంలా వినిపించింది. ఆ నెల మా తోడికోడలి దృష్టిలో గజల్ కాని పాటంటూ ఈ లోకంలో లేదు. ఆ ఎలాస్టిక్ ఇంకా నా దగ్గరే ఉంది. అది కూడా దర్జీ అమ్మకే చెందుతుంది.

5. మా మరిదికి అతని కొలతల టేపు. మొన్నొక గురువారం పాట మధ్యలో, జత సగంలో ఉండగా, దర్జీ అమ్మ పరిచిన గుడ్డ దాటుకుంటూ వచ్చి ఇటు గోడ నుంచి అటు గోడకు కొలిచాడు. "వదినా, రెండు షట్టర్లు భేషుగ్గా పడతాయి" అన్నాడు. ఆ కంగారులో మా అందరికీ తోక తప్పింది. టేపు మరిచిపోయి వెళ్ళాడు. నేను ఇవ్వలేదు. నా తర్వాత తీసుకోవచ్చు.

6. ఇక ముందుగది. దీన్ని, వీధివైపు తలుపు, రెండు కిటికీలు, అరుగుతో సహా, మా తోడికోడలికి, అంటే పైన చెప్పిన మరిది భార్యకే, సర్వహక్కులతో ఇస్తున్నాను.

ఇది చదివి ఇంట్లో అందరూ నోరు వెళ్ళబెడతారని తెలుసు. ఆ గదిలో నాతో పోట్లాడేది ఆవిడ ఒక్కతే. మాకొక పాట మీద ఏళ్ళ తరబడి తగాదా. దాని మొదటి జతలో మొదటి లైనుకు తోక లేదు, కనుక గజల్ కాదని నేను. అసలు మొదటి జతను సినిమావాళ్ళు నిడివి కోసం కోసేసి ఉంటారని ఆవిడ. "తల కోస్తే కోడి కాకుండా పోతుందా అక్కా" అంటుంది. "తల లేని కోడి కూయదు" అంటాను. "ఏడిపించింది కదా, ఇంకేం కూయాలి" అంటుంది. ఇలా అని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఆ పాటే పెట్టమంటుంది. హిందీ ఒక్క ముక్క రాకుండా వచ్చిన మనిషి, నాతో వాదించడానికే నేర్చుకుంది. ఇప్పుడు నాకన్నా ముందు తోక అందిస్తుంది.

డాక్యుమెంట్ రైటరుగారు ఈ గదికి షరతు రాయమన్నారు. గురువారాలు నడపాలి, గోడలు పగలగొట్టకూడదు, అని. నేను రాయను. ఆవిడ అమ్ముకోవచ్చు, అద్దెకివ్వచ్చు, షట్టర్లే పెట్టుకోవచ్చు. పాట మీద ప్రేమను షరతుతో ఇస్తే అది అద్దె ఒప్పందం అవుతుంది. ఆ పాట గజలా కాదా అన్నదానికి కూడా నేను తీర్పు రాసిపెట్టడం లేదు. వాదించుకోవడానికి జనం రావాలి, జనం రావాలంటే కూర్చోవడానికి చోటు కావాలి. ఆ లెక్క ఆవిడకు నాకన్నా బాగా తెలుసు.

7. వీలునామా అమలుదారుగా రిటైరైన లెక్కల మాస్టారిని నియమిస్తున్నాను. ఆయన తోకలను వేళ్ళ మీద లెక్కపెడతారు, పక్షపాతం లేదు. దర్జీ అమ్మకు ఇందులో వాటా ఉన్నందున సాక్షి సంతకం పెట్టనివ్వలేదు. దానికి ఆవిడ కొంచెం అలిగింది.

8. ముందుగదిని కొలవదలచినవారు, మార్చదలచినవారు, దానిలో షట్టర్లు పెట్టదలచినవారు ఎవరైనా, మా మరిదితో సహా, ముందుగా మా తోడికోడలిని అడిగి అనుమతి పొందవలసినది. గురువారం మధ్యాహ్నం మాత్రం అడగరాదు. పాట నడుస్తూ ఉంటుంది.

పై తొమ్మిది పేరాలు... కాదు, ఎనిమిది. నేనే తిరిగి చదివి, సరిచూసుకుని, సంతోషంగా సంతకం చేస్తున్నాను.

2024 మార్చి 14, గురువారం, ఉదయం పదకొండు గంటలు

(సంతకం)
పసుపు ఇంటి ఇల్లాలు

సాక్షులు:
1. మందుల షాపు యజమాని
2. మేడ మీద అద్దెకుంటున్న నర్సు