తొడగని అంగీ

లాల్‌గడి మలక్‌పేట్,
మంగళవారం.

నా ప్రియాంకక్కకు,

ఫోన్‌లో అయితే నీ గొంతు వినగానే మళ్లీ అబద్ధమే చెప్తాను. అందుకే కాగితం మీద రాసి, మీ కుత్బుల్లాపూర్ నుంచి కాలేజీకి వచ్చే ఇషిత చేతికిస్తున్నాను.

పుట్టబోయే నీ బిడ్డకు అవ్వ కుట్టే బొంత ఎలా ఉంటుందో బొమ్మ పంపాను కదా. మేడ్చల్‌లో మా కాలేజీ ల్యాబ్‌లో చేశానది. ఇంట్లో బట్టలు పరిచి ఫోటోలు తీసి, సాఫ్ట్‌వేర్‌లో గడులుగా పేర్చుకుంటూ పోయాను. కత్తెర ముట్టకముందే బొంతంతా తెర మీద కనబడింది. అంచుల్లో అవ్వ ముతక చీర, లోపల అమ్మ పసుపు చీర, నడుమ బాపు నీలి గళ్ల అంగీ. నీ మొదటి జీతంతో నువ్వు కొన్నదే.

అది చూసి నువ్వు పంపిన జవాబు నాకు కంఠతా వచ్చేసింది. "బొంతల ఏసేంత మెత్తగైందంటే బాపు ఆ అంగీ మస్తు తొడిగిండన్నట్టే గదనే! ఇగ కోపం పోయినట్టే. ఆదివారం వస్తున్న."

అక్కా, బాపు దాన్ని ఒక్కరోజు కూడా తొడగలేదు. నువ్వు చెప్పకుండా పెళ్లి చేసుకున్నావని తెలిసిన రోజే బీరువా అడుగున పెట్టేశాడు. గుండుసూదులు ఇంకా దానికే ఉన్నాయి. ఆయన లేనప్పుడు తీసి, ఫోటో కొట్టి, మళ్లీ అక్కడే పెట్టాను. కొత్త బట్టకూ అరిగిన బట్టకూ తెర మీద తేడా తెలియదు. నీలం కుదిరిందని మురిశానే గానీ, ఆ గడి నీకు ఏం చెప్తుందో ఆలోచించలేదు. నీ జవాబు చూశాకైనా చెప్పాల్సింది. నాలుగు రోజులు నోరు మూసుకున్నాను.

పోయినసారి నువ్వు గడప దాకా వస్తే బాపు మొహం తిప్పుకొని పొలానికి వెళ్లిపోయాడు. ఈ తొమ్మిదో నెలలో, నా బొమ్మను నమ్మి వచ్చి, నువ్వు మళ్లీ ఆ గడప దగ్గరే నిలబడితే? రేపు బాపుకు అంతా చెప్తాను. నా ఇంకో ఉత్తరం అందేదాకా బయల్దేరకు.

తప్పు చేసిన నీ చెల్లి,
అశ్రిత

*

శుక్రవారం.

అక్కా,

చెప్పేశాను. బుధవారం పొద్దున అవ్వ నా బొమ్మను ముందు పెట్టుకొని కుడుతోంది. నడిమి గడి మాత్రం వదిలేసింది. బాపు ఆగి చూశాడు.

"నడుమ గీ సందేందే?"

"నీ చిన్నబిడ్డనడుగు," అంది అవ్వ.

అడిగాడు. అంగీ ఫోటో దగ్గర్నుంచి నీ జవాబు దాకా అన్నీ చెప్పాను. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఎవల్నడిగి తీసినవ్? నేను తొడగని అంగీ కంప్యూటర్ల తొడిగిచ్చినవా నాకు?"

"తప్పైంది బాపూ. తొడగలేదని అక్కకు రాసిన. రావద్దన్న."

"రావద్దన్నవా?"

బాపు లోపలికి పోయి, అంగీ తెచ్చి అవ్వ ముందు పడేశాడు. "కొయ్యి."

అవ్వ బట్టను వేళ్ల మధ్య నలిపి చూసి వెనక్కి తోసింది. "కొత్త బట్ట పసిగుడ్డుకు గుచ్చుకుంటది. తొడుగు, ఉతుకు, మల్ల తొడుగు. మెత్తగైనంక తే. అప్పటిదంక నా సూది గా గడిల దిగది."

నిన్న పొద్దున బాపు గుండుసూదులు ఒక్కొక్కటే పీకి కిటికీలో పెట్టాడు. అంగీ పొట్ట దగ్గర బిగుసుకుంది. ఆ అంగీతోనే, టమాటాలు ఆటోలో వేసుకొని మేడ్చల్ మార్కెట్‌కు పోతే, నేనూ కాలేజీకని అదే ఆటోలో కూర్చున్నాను. అక్కడ పక్కనే కూరగాయలమ్మే బుల్లిబాబు ఊరుకుంటాడా!

"ఏందే బాలేషన్నా, పెండ్లికొడుకు లెక్క తయారైనవ్?"

"నా పెద్దబిడ్డ కొన్నది," అన్నాడు బాపు, బుట్ట దించుతూ.

సాయంత్రం అమ్మ ఉతికి ఆరేసింది. ఇవాళ మళ్లీ అదే తొడిగాడు. రేపూ ఉతకనా అని అమ్మ అడిగితే బాపు నా వైపు చూడకుండా అన్నాడు. "రేపు ఉతికి ఇస్త్రీ జెయ్యి. ఐతారం నాకు గావాలె."

ఆదివారానికి బొంతలో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంటుంది. అయినా రా అక్కా.

నీ
అశ్రిత