నాన్న ఎదురుచూస్తున్న డాక్టరు

ఫిలడెల్ఫియా,
ఫిబ్రవరి, ఆదివారం.

అమ్మకి,

నీ నోయెల్లా ముద్దులతో రాసుకునేది. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. మీరిద్దరూ, కొట్టంలో ఆవులూ అందరూ క్షేమమని రాశావు. ఆ మాట చదివి ఎప్పటిలా స్థిమితపడలేకపోయాను. ఎందుకో తర్వాత చెబుతాను గానీ, ముందు ఒక మనవి. ఈ ఉత్తరం ఇంటికి తీసుకెళ్ళి చదవకు. పోస్టాఫీసు బయట కారులోనే హీటరు వేసుకుని కూర్చుని తీరిగ్గా చదువు. ఫోన్లో చెబుదామంటే నీకు వినపడదని స్పీకరు పెడతావు, నాన్న కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంటాడు. అందుకని కాగితం పట్టుకున్నాను.

నీ ప్రశ్నలకి జవాబులు. తింటున్నాను. క్రిస్మస్‌కి నువ్వు కట్టిచ్చిన మాంసం కూరిన రొట్టెలో సగం బస్సులోనే అయిపోయింది. మిగతా సగం రోవెనా తినేసింది. ల్యాబులో నా పక్కన నిలబడే రోవెనా కేథలిక్కేనా అని అడిగావు. కాదు, లాయరు. ఏళ్ళ తరబడి కోర్టుల్లో వాదించి వాదించి విసుగొచ్చి, నాలాగే ఇక్కడికొచ్చి పడింది. దేవుడి సంగతి అడిగితే "కేసు ఇంకా నడుస్తోంది" అంటుంది. మనిషి మాత్రం బంగారం.

పక్కపొలం మిసెస్ పీస్లీ కాలి వాపుకి ఏం రాయాలో మా మేష్టార్లని అడగమన్నావు. అమ్మా, మా మేష్టారు కెమిస్ట్రీ చెబుతాడు. కాలు చూపిస్తే పారిపోతాడు. ఎన్నిసార్లు చెప్పినా నీకూ ఊరికీ ఎక్కడం లేదు గానీ, ఇది డాక్టరు చదువు కాదు. డాక్టరు చదువుకి అర్జీ పెట్టుకోవడానికి అర్హత తెచ్చిపెట్టే చదువు. ఎప్పుడో డిగ్రీలు పుచ్చుకుని, ఉద్యోగాలు చేసి, నడివయసులో బుద్ధిపుట్టిన మాలాంటివాళ్ళం మళ్ళీ మొదటినుంచీ కెమిస్ట్రీ, ఫిజిక్సు, బయాలజీ నేర్చుకుంటాం. మా గదిలో లాయరుంది, బ్యాంకు మనిషున్నాడు, మోకాలు చెడిన నాట్యకత్తె ఉంది, స్కూలు పిల్లల చేత బాకాలూ డప్పులూ వాయింపించిన నేనున్నాను. పక్క బల్ల మీద పద్దెనిమిదేళ్ళ పిల్లలు మాకంటే ముందే లెక్క తేల్చేసి, "మీకేమైనా సాయం కావాలా మేడమ్?" అని అడుగుతారు. ఆ మర్యాదకే సగం చచ్చిపోతాం.

ఇంజెక్షను ఎప్పటినుంచి ఇస్తావని కూడా అడిగావు. నవ్వొచ్చింది. అర్జీ పెట్టాలంటే ఆసుపత్రిలో ఉచితంగా సేవ చేసి ఉండాలి కాబట్టి, గురువారాలు నీలం కోటు వేసుకుని వార్డులో తిరుగుతాను. నేను చెయ్యగలిగినవి దుప్పటి తేవడం, దిండు సర్దడం, నర్సుని పిలవడం. దాహమని అడిగితే మంచినీళ్ళు కూడా నర్సు సరేనంటేనే. ఒకాయన నా చెయ్యి పట్టుకుని "తల్లీ, నేను బతుకుతానా?" అని అడిగాడు. "నర్సుని పిలుస్తానండీ" అన్నాను. మాకు నేర్పిన జవాబు అదొక్కటే.

మొన్న గురువారం ఒక పెద్దావిడ ఖాళీ మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. భర్తని ఏదో పరీక్షకి తీసుకెళ్ళారు. పల్లెటూరి మనిషి, చేతులు అచ్చం నీ చేతుల్లా ఉన్నాయి. చలిగా ఉందా అని దుప్పటి కప్పబోతే, అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ తలుపు తీసిపెట్టే గడ్డం గీసుకునేవాడమ్మా. మొన్న వేసవిలో తలుపేసుకోవడం మొదలెట్టాడు. వయసొచ్చింది, సిగ్గొచ్చిందని నవ్వుకున్నా. వాళ్ళ చెల్లెలికి తెలుసంట. చెప్పొద్దన్నాడంట, చెప్పలేదంట. ఒకే మంచమ్మీద పడుకునేదాన్ని, నాకు తెలీలేదు. ఇప్పుడు లోపల డాక్టరు, ఇంత ఆలస్యమెందుకు చేశారని నన్నడుగుతున్నాడు. నేనేం చెప్పను?"

నేనేం చెప్పాననుకున్నావు? "ఇంకో దుప్పటి తేనా అండీ?" అన్నాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను.

అమ్మా, ఆవిడ చెప్పిన ఆ ఆడపడుచులాంటిదాన్నే నేను. ఇక దాచను.

నీ ఉత్తరంలో చివరి ప్రశ్నకి ఇంతవరకూ జవాబు రాయలేదు. నాన్న గొంతు బొంగురు పోయింది, చర్చిలో పాడకుండా పెదాలు కదుపుతున్నాడు, భోజనానికి కూర్చున్నా మెడకి ఆ ఎర్రరుమాలు తియ్యడం లేదు, కొట్టంలో చలి పట్టిందేమో, ఏదైనా మందు చెప్పమన్నావు. అది చలి కాదు. ఆ రుమాలు కింద గడ్డ ఉంది. మెడకి కుడివైపు, చెవి కిందుగా. క్రిస్మస్ మర్నాడు నాకు చూపించాడు.

ఆరోజు పొద్దున పాలు పితకడానికి నేనూ వెళ్ళాను, గుర్తుందా? నువ్వు లోపల రొట్టెలు కాలుస్తున్నావు. నాన్న బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, రుమాలు విప్పి, గడ్డం పైకెత్తాడు.

"ఏవమ్మా డాక్టరమ్మా, ఇదేంటో చూడు."

ఆటలాడుతున్నాడనుకున్నాను. వేళ్ళు పెట్టి చూశాను. గట్టిగా ఉంది. నొప్పి లేదన్నాడు. ఎప్పటినుంచి అంటే "వేసవిలో ఎండుగడ్డి కోతలప్పుడు గోరంత ఉండేది" అన్నాడు. నేను చదివింది ఉప్పులూ ఆమ్లాలే గానీ, అది మంచిది కాదని తెలియడానికి చదువెందుకు?

"నాన్నా, ఇది వెంటనే డాక్టరుకి చూపించుకోవాలి."

"చూపించుకున్నాగా ఇప్పుడే!"

"వేళాకోళం కాదు. పెద్దాసుపత్రికి వెళ్దాం పద, నేను తీసుకెళ్తా."

"అక్కడెవడున్నాడే? వెళ్ళిన ప్రతిసారీ కొత్త కుర్రాడు. వాడు నా మొహం చూడడు, కంప్యూటర్ మొహం చూస్తాడు. మన ముసలి డాక్టరు పోయాక నా ఒంటి మీద ఎవడ్నీ చెయ్యి వెయ్యనివ్వలా. నా కూతురు డాక్టరవుతోంది. అప్పుడు చూస్తావులే, తొందరేముంది."

"నాన్నా, దానికింకా చాలా ఏళ్ళు పడుతుంది!"

"ఆగుతాలే. నేనెక్కడికి పోతా, ఆవులెక్కడికి పోతాయి?" అని రుమాలు చుట్టుకున్నాడు. చుట్టుకుంటూ, "మీ అమ్మకి చెప్పకు. డాక్టర్లు పేషెంటు సంగతి బయటపెట్టకూడదంట కదా, రాత్రి నువ్వే చెప్పావు. పెట్టావో, నీ డాక్టరుగిరీ గోవిందా" అని నవ్వాడు.

అవును, నేనే చెప్పాను. ముందురోజు భోజనాల దగ్గర మిసెస్ పీస్లీ, ఆసుపత్రిలో ఎవరెవరిని చూశావు, వాళ్ళకేం రోగాలు అని ఆరా తీస్తే, నేను మెడ నిటారుగా పెట్టి, "పేషెంటు రహస్యం ప్రాణం పోయినా చెప్పకూడదండీ" అన్నాను. దుప్పట్లు మోసేదాన్ని, ఎంత ఫోజు కొట్టానో! నాన్న మురిసిపోతూ బల్ల చుట్టూ అందరి మొహాలూ చూశాడు. మర్నాడే ఆ మాట తెచ్చి నా మెడకే కట్టాడు.

నేనెందుకు ఒప్పుకున్నానో కూడా చెబుతాను, సిగ్గుగా ఉన్నా సరే. ఆ బకెట్టు మీద ఆయన గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడు, నా జీవితంలో మొదటిసారి ఒక మనిషి నన్ను డాక్టరనుకున్నాడు. నాకు భయమేసింది, దాంతోపాటు సంతోషమూ వేసింది. ఆ సంతోషంలో మాటిచ్చేశాను. ఇక్కడికొచ్చాక కూడా, మాట నిలబెట్టుకుంటున్నాను, రేపు నిజంగా డాక్టరైతే ఇలాగే ఉండాలి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ప్రతి ఫోనుకీ బతిమాలుతూనే ఉన్నాను. నువ్వు పక్కనే ఉంటావు కాబట్టి సంగతి చెప్పకుండా "వెళ్ళావా నాన్నా?" అంటాను. "ఎక్కడికి, గడ్డి కొట్టుకా? వెళ్ళాలే. నా డాక్టరు చదువు ఎలా ఉందని అందరూ అడిగారు" అంటాడు. నువ్వు నవ్వుతావు. నేను ఫోను పెట్టేసి ఏడుస్తాను.

చివరికి, ఎవరి పేరూ చెప్పకుండా, రోవెనాని అడిగాను. పేషెంటు రహస్యం బయటపెడితే చట్టం ఏం చేస్తుందని. అది చేతిలోని గాజు కొలతగొట్టం కింద పెట్టి నన్ను బోనులో నిలబెట్టింది.

"నీకు లైసెన్సు ఉందా?"

"లేదు."

"ఆయన దగ్గర ఫీజు తీసుకున్నావా?"

"ఆయన మా నాన్న."

అనేశాను. అది చేతి తొడుగులు తీసేసింది. తర్వాత మెల్లిగా అంది: "పిచ్చిదానా, నిన్ను ఏ చట్టమూ కట్టెయ్యలేదు. నీ కోటు నువ్వే కుట్టుకుని నువ్వే ఇరుక్కున్నావు. మీ అమ్మకి రాయి."

వార్డులో నేను వెనకాల తిరిగే పెద్దడాక్టరునీ అడిగాను. చూడకుండా జబ్బు పేరు చెప్పనన్నాడు, అది న్యాయమే. "ఏమీ కాకపోవచ్చు కూడా. కానీ మా నాన్నే అయితే ఈపాటికి కారులో ఎక్కించుండేవాణ్ణి" అన్నాడు.

మరి నువ్వే రావచ్చు కదా అంటావు. వస్తే ఇంకా చెడుతుంది. డాక్టరు ఇంటికొచ్చి చూసి వెళ్ళిందంటాడు. మరో ఆర్నెల్లు నిశ్చింతగా రుమాలు కట్టుకుంటాడు. నేను బతిమాలేకొద్దీ ఆయనకి నా మీద నమ్మకం పెరుగుతోంది, చూశావా మా డాక్టరెంత శ్రద్ధో అని. ఎవరికైనా ఇలాంటి శిక్ష ఉంటుందా? నేను ఈ చదువులో చేరకపోయుంటే, ఎండుగడ్డి కోతలప్పుడే సణుక్కుంటూ నీతోపాటు ఆసుపత్రికి వెళ్ళుండేవాడు. ఊళ్ళో డాక్టరు లేడనే కదా నేను బయల్దేరాను. నేను బయల్దేరడమే ఆయనకి అడ్డమైంది. ఇందులో నేను చెయ్యగలిగింది ఒక్కటీ కనబడటం లేదమ్మా, నిన్ను అడగడం తప్ప.

ఇంకో వారం పదిరోజుల్లో మేపుల్ చెట్ల నుంచి తీపినీరు కారడం మొదలవుతుంది. ఇక సిరప్ కాచే పాకలోంచి ఆయన్ని కదపడం ఎవరి తరమూ కాదు. అందుకని ఈ వారమే. ఆవుల్ని ఒకపూట పీస్లీలు చూసుకుంటారు. నువ్వు కారు తియ్యి.

"నీకు గడ్డ ఉందట, పద" అంటే రాడు. నేను మాట తప్పానని అలిగి మేడెక్కి కూర్చుంటాడు. పైగా, మా డాక్టరుకి తెలిసిన జబ్బే, ఇంకొకడికి చూపించేదేమిటంటాడు. కాబట్టి ముందు ఈ మాట చెప్పు. నోయెల్లా పరీక్ష తప్పిందని చెప్పు. కెమిస్ట్రీ దాని వల్ల కావడం లేదట, మానేస్తోందట, స్కూల్లో బ్యాండు ఉద్యోగం తిరిగి అడిగిందట, ఇక ఎన్నాళ్ళాగినా అది డాక్టరు కాదట అని చెప్పు. మన ఊరి కాబోయే డాక్టరమ్మ కోసం ప్రార్థించండని చర్చి బోర్డు మీద రాసిన నా పేరు కూడా చెరిపించు, లేకపోతే నమ్మడు. ఆ తర్వాత రుమాలు విప్పించు. ఎదురుచూడటానికి మనిషంటూ లేకపోతే, ఆ కంప్యూటర్ కుర్రాడి దగ్గరికైనా వస్తాడు.

నువ్వు అబద్ధమాడవని తెలుసు. ఈ అబద్ధం నాది, నీ చేత పంపిస్తున్నానంతే. చర్చిలో ఫాదర్ దగ్గర ఆ పాపం నేనే ఒప్పుకుంటాను. అప్పటికీ ఆయన కదలకపోతే ఒక్క మాట కబురు చెయ్యి. నిజంగానే మానేసి వచ్చేస్తాను, అబద్ధమన్న బెంగ కూడా ఉండదు నీకు.

నిజం నీకొక్కదానికే రాస్తున్నాను. మొన్నటి కెమిస్ట్రీ పరీక్షలో క్లాసు మొత్తానికి రెండో మార్కు నాది. ఆ పద్దెనిమిదేళ్ళ పిల్లలందరి కంటే పైన. మేష్టారు నా పేరు చదువుతుంటే నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. బయటికి పరుగెత్తి, ఫోను తీసి, నాన్న నంబరు సగం నొక్కి ఆపేశాను.

ఈ కబురు ఆయనకి చేరనివ్వకు. నేను తప్పానని విన్నప్పుడు ఆయన మొహం ఎలా అయిపోతుందో నాకు తెలుసు. దాన్ని చూడాల్సిన పని నీకు అప్పజెబుతున్నాను, నన్ను క్షమించు. ఏడిస్తే ఏడవనీ. మళ్ళీ నన్ను డాక్టరమ్మా అని పిలవకపోయినా ఫరవాలేదు. ముందు కారెక్కించు.

ఇట్లు,
ఇంకా ఎవరికీ డాక్టరు కాని
నీ కూతురు
నోయెల్లా