గాడిలో ఆగిన కట్టర్

మామా,

బాగున్నావా అని రాయబోయి ఆగాను. నువ్వు పోయి ఎనిమిది నెలలయింది. నోటికి అలవాటైన మాట, ఏం చేయను?

ఇక్కడి కబుర్లంటే... మద్రాసులో ట్రాములు నిలిపేశారు. పురసవాక్కం నుంచి చూలైలో మన మిషన్ల షెడ్డుకు నడిచే వెళుతున్నాను. నీ మిల్లింగ్ మిషన్ ఇప్పుడు నా చేతికొచ్చింది. షెడ్డు యజమాని, మన మొదలాళి, నన్ను మేస్త్రీ అని పిలుస్తున్నాడు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నువ్వు వెనక నిలబడ్డావేమోనని తిరిగి చూస్తాను.

పోయిన నెల రేవు నుంచి మళ్ళీ ఆ పంపు షాఫ్టులే వచ్చాయి. ఉప్పునీళ్ళకు తుప్పు పట్టని ఆ నికెల్ లోహానివి. ఈసారి టీ చల్లారిపోయినా కోతను ముందుకు నడిపే ఫీడు పిడి వదల్లేదు మామా. ఇప్పుడు వదలకపోతే ఏం లాభం?

ఆ లోహం సంగతి నువ్వు మొదటి రోజే చెప్పావు. "ఇది ఇనుము గాదురా అబ్బయ్యా. దీని మీద కట్టర్ ఊరికే రాసుకుంటా ఉంటే ఆడికాడికి గట్టిపడిపోతాది. కోస్తే కొయ్యి, లేదా ఎత్తెయ్యి. మధ్యలో నిలబడొద్దు."

కట్టర్ పళ్ళు అరుగుతుంటే నీకు చూడకుండానే తెలిసేది. శబ్దంలో రవ్వంత తేడా రాగానే మిషన్ ఆపి, పంటి అంచును బొటనవేలి గోటి మీద గీసి చూసేవాడివి. మొండిబడిందంటే సానకు పంపేవాడివి. ఆ రోజు దాకా నీ చేతిలో ఒక్క పన్నైనా విరిగిందా?

ఆ రోజు షాఫ్టు మీద తీసే గాడిలో మొదటి కోత నాది. సగంలో ఉండగా టీ వచ్చింది. పిడి వదిలేసి గ్లాసు అందుకున్నాను. కట్టర్ ముందుకు పోకుండా అక్కడే తిరుగుతూ, లోహాన్ని రాసుకుంటూనే ఉంది... ఇనుము మీద అయితే ఏమీ అయ్యేది కాదు. ఒక్క గ్లాసు టీ, అంతే.

చివరి సన్నకోతకు నువ్వొచ్చావు. సరిగ్గా ఆ చోటే పళ్ళు విరిగాయి. కట్టర్ మార్చావు, అదీ పోయింది. మూడోదీ పోయింది. అన్నీ ఇంగ్లండు సీమ నుంచి తెప్పించినవి. నువ్వు గాడిలో వేలు పెట్టి నా వైపు చూశావు.

"ఈడ ఆపినావా రా?"

లేదని తల అడ్డంగా ఊపాను.

ఇంకోసారి అడగలేదు నువ్వు. "నువ్వు లేదంటే లేదు. అట్టయితే నా చెవే పోయుంటాది" అన్నావు. ఎందుకు నమ్మావు మామా? చెంప మీద ఒక్కటిచ్చి ఉంటే నిజం కక్కేవాణ్ణి కదా...

వయసైపోయింది, కట్టర్ అరిగే శబ్దం వినబడడం లేదని మొదలాళి నిన్ను మిషన్ నుంచి తీసేసి అంచులు రాకే ఆకురాయి బల్ల దగ్గర వేశాడు. నేను పక్కనే నిలబడి నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాను. ఛీ, నాదీ ఒక బతుకేనా! నన్ను వేలు పట్టుకుని ఆ షెడ్డుకు తీసుకెళ్ళింది నువ్వు.

నాలుగు నెలలకే జ్వరం నిన్ను తీసుకుపోయింది.

పోయిన ఆదివారం అత్త ఒక మాట చెప్పింది. మంచాన పడ్డాక నువ్వు గోడవైపు తిరిగి పడుకుని, గిన్నె మీద గరిటెతో కొట్టమనేవాడివట. మెల్లగా కొట్టమని, ఇంకా మెల్లగా అని... ప్రతిసారీ వినిపించేదట. "వినబడతానే ఉందే... మరి ఆ పొద్దు ఎందుకు వినబళ్ళేదు?" అని అడిగేవాడివట.

ఇక నావల్ల కాలేదు. టీ గ్లాసు దగ్గర్నుంచి అంతా చెప్పేశాను. అత్త తిట్టలేదు, ఏడవలేదు. లోపలికి వెళ్ళి నీ పటం ముందు నిలబడి, గరిటెతో గిన్నె మీద ఒక్కటి కొట్టింది. ఎప్పుడు వెళ్ళినా అన్నం తినందే పంపని మనిషి, ఆ రోజు నన్ను ఉండమనలేదు. మళ్ళీ ఆ గడప తొక్కనిస్తుందో లేదో...

రేపు పొద్దున మిషన్ తిప్పకముందే మొదలాళికీ, షెడ్డులో అందరికీ చెబుతాను. మేస్త్రీ పని పోతే పోనీ.

నీ చెవికి ఏమీ కాలేదు మామా. ఆ రోజు నువ్వు అడిగినదానికి ఇప్పుడు చెబుతున్నాను. ఆపినాను. ఆడనే ఆపినాను.

నీ మేనల్లుడు,
మునిరత్నం