నీ పెరట్లో కొత్త పెండ్లికూతురు

అక్కా,

నువ్వు పోయి ఏడాది కాకముందే బావ మళ్ళీ పెండ్లి చేసుకున్నాడు. రాయచూరు పక్క పిల్ల. అమ్మ వద్దన్నా నేను పోయినాను. కోసిగిలో ఆ పిల్ల మీ ఇంటి గడప తొక్కుతాంటే, మీ అత్త నీ పెరట్లో కాసిన బూడిదగుమ్మడికాయనే తెంపుకొచ్చి, దిష్టి తీసి పగలగొట్టింది.

సాయంత్రం ఆ పిల్ల పెరడు చూసి, "ఈ చిక్కుడుపందిరి ఎవరు ఏసినారు?" అని అడిగింది.

"మా అక్క," అన్నాను.

"మీ అక్క ఎవరు?"

నువ్వొకదానివి ఉంటివని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదని అప్పుడు తెలిసింది.

"నోరు మూసుకో," అని బావ కసిరినాడు. మూసుకోలేదు. జరంతో ఒళ్ళు కాలుతాన్నా వీళ్ళు నీతో ఆ పాదులకు నీళ్ళు మోయించింది, ఆస్పత్రికి తీసుకపోనిది, అంతా చెప్పేసినాను. ఆ పిల్ల మెడలోని పసుపుతాడు పట్టుకొని ఏడ్చింది.

ఒక్క దినం ముందు పోయి చెప్పింటే బాగుండేదక్కా.