కొంగలు దిగిన చోటు

ఇబ్రహీంపట్నం, 1949

పట్నంలో పక్షుల పుస్తకం రాస్తున్న పంతులు గారికి ఇస్తారి భార్య దండాలు.

ఎన్నడూ మీ ఎదుటికి రానిదాన్ని, తప్పనిసరై రాస్తున్నాను. పిట్ట కనబడిన చోటును అడుగులతో సహా రాయాలని మీరు మా ఆయనకు నేర్పారు. ఆయన శ్రద్ధగానే నేర్చుకున్నాడు. "పన్నెండు. మంచాల చెరువుకు తూర్పున, రేగుపొదల వెనక నలభై అడుగులు. మాపటికి రాక, తెల్లారి పోక" అని మీకు రాసిన కార్డు పోలీసులకు దొరికింది. వాళ్లు కమ్యూనిస్టుల దళమనుకుని తుపాకులు పట్టుకుని బురదలో కాచుకున్నారు. తెల్లారి పన్నెండు కొంగలు లేచిపోయాయి.

"కొంగలు సరే, మనుషులేడున్నరు?" అన్నాడట జమేదారు.

"నేను రాసింది కొంగల ముచ్చటే, సాబ్."

"కొంగల కోసం ఎవడన్న అడుగులు కొలుస్తడార?"

అప్పటినుంచి ఆయనను ఠాణాలోనే ఉంచారు. సోమవారం ఆయనను జైలుకు పంపుతారట. కొలవమన్నది మీరేనని ఆలోగా వచ్చి చెప్పండి. ఠాణా ఎక్కడుందో నేను అడుగులతో రాయనక్కరలేదు, ఎవరిని అడిగినా చూపిస్తారు.

ఇకమీదట "మంచాల దిక్కు" అని మాత్రమే రాస్తానని ఆయన మీకు చెప్పమన్నాడు. నన్నడిగితే అది కూడా ఎక్కువే.